శ్రమల దినాల్లో కుడికన్ను

మాటకి ముందు కన్ను కొట్టే అలవాటున్న మనిషికి దేవుడు ఇవ్వకూడని జబ్బు ఒకటుంది. సరిగ్గా అదే నాకిచ్చాడు.

నా కుడికన్ను మా పేటలో పేరున్న కన్ను. ఎవరినైనా ఆటపట్టిస్తున్నప్పుడు దాని రెప్ప ఒక్కసారి వాలి లేస్తుంది. ‘ఇది వేళాకోళం, మనసులో పెట్టుకోకు’ అని దానర్థం. పెళ్ళిచూపుల్లో కూడా వాలింది. మా మావగారు చూశారు. చూసి కూడా పిల్లనిచ్చారు. పాపం, పిల్లాడికేదో నరాల బలహీనత అనుకున్నారట. అలాంటి కన్ను చుట్టూ ప్రాణం పోయేంత నొప్పి వచ్చి, రెప్ప దానంతటది వాలిపోయి, బొటబొటా నీళ్ళు కారుతుంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు బాగానే ఉన్నాను. బాగున్నాను కాబట్టే రాస్తున్నాను. అప్పుడు రాసి ఉంటే ఇందులో సగం అచ్చు వెయ్యడానికి పనికిరాని మాటలుండేవి. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. డాక్టర్లు చెప్పినదాంట్లో నాకు అర్థమైనదీ, నా ఒంటికి తెలిసినదీ మాత్రమే ఇక్కడ ఉంటుంది.

రెండేళ్ళ కిందటి ఫిబ్రవరి

మాది బందరు. చిలకలపూడి వైపు రోల్డుగోల్డు నగలు చేసే చిన్న కార్ఖానాలో నాది రాళ్ళు అతికే పని. హారానికీ వడ్డాణానికీ ఉండే బుల్లి బుల్లి గూళ్ళల్లో ఎర్రరాయి, తెల్లరాయి కూర్చోబెట్టాలి. రాయి ఆవగింజంత ఉంటుంది. చేతి కంటే ముందు కన్ను పని చెయ్యాలి. నా పక్కన మెరుగు పెట్టే రఫీ కూర్చుంటాడు. చిన్నప్పటి స్నేహం. నన్ను బావా అంటాడు, నేనూ వాణ్ణి బావా అంటాను. మాకు తెలిసినంతలో రెండిళ్ళ మధ్య ఏ పెళ్ళీ జరగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ తిని, చాప మీద నడుం వాల్చాను. కునుకు పట్టిందో లేదో, కుడికన్ను వెనకాల ఎవరో పొయ్యి రాజేసినట్టయింది. మా దగ్గర గ్యాసు మంటని సూదిమొన లాగా చేసి అతుకులు వేస్తారు. ఆ మొనని తెచ్చి కనుబొమ్మ కింద ఆనించినట్టుంది. లేచి కూర్చుంటే తగ్గలేదు. పడుకుంటే అసలు ఉండనివ్వలేదు. కార్ఖానా వెనక దొడ్లో ఈ గోడ నుంచి ఆ గోడకి బోనులో పులిలాగా తిరిగాను. సినిమాలో ఇంటర్వెల్ పడేంతసేపు తిప్పి తిప్పి, వచ్చినంత హఠాత్తుగా పోయింది. పోయాక చూసుకుంటే కన్ను చింతనిప్పు. కుడి ముక్కు కారుతోంది. ఎడమవైపు మొహం మాత్రం, నాకేమీ సంబంధం లేదన్నట్టు, పెళ్ళికొడుకులా ఉంది.

మర్నాడు మళ్ళీ అదే వేళకి. ఆ మర్నాడూ అంతే.

“నా వైపు చూడమాక బావా, కళ్ళకలక అంటుకుద్ది,” అని రఫీ పీట దూరంగా జరుపుకున్నాడు. మిగతావాళ్ళూ జరిగారు. కళ్ళకలక వచ్చినవాణ్ణి చూస్తేనే అంటుకుంటుందని మా నమ్మకం. కార్ఖానాలో ఇరుకుగా ఉంటుందని ఎప్పుడూ గొణిగే నాకు ఒక్కసారిగా జమీందారీ వచ్చింది. అయితే మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి పోయే కళ్ళకలక, అదీ ఒక్క కంటికే వచ్చే కళ్ళకలక, ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

“రాళ్ళు చూసీ చూసీ చూపు దెబ్బతింది,” అని మా ఆవిడ సుగుణ తీర్పు చెప్పింది. కళ్ళజోళ్ళ షాపుకెళ్ళాం. కొంచెం సైటు ఉందన్నారు. జోడు తయారై చేతికొచ్చిన వారంలోనే నొప్పి పూర్తిగా మాయమైంది. ఇక చూస్కోండి, ఆ షాపుకి నేను చేసిన ప్రచారం వాళ్ళ బోర్డు కూడా చేసి ఉండదు. తలనొప్పి అన్న ప్రతివాణ్ణీ అక్కడికే తోలాను. కోడి కూయబట్టే తెల్లారిందని ఊరంతా చాటినట్టయింది నా పని. ఆ ఏటికి దాని కాలం అయిపోయి అది వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

పోయిన ఏడాది, భస్మ బుధవారం తర్వాత

మేము క్రైస్తవులం. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా మాకు శ్రమల దినాలు. సాయంత్రాలు ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. సంఘంలో ఆ శ్రమని నా అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాటించినవాడు పోయిన ఏడాది ఎవడూ లేడు.

నొప్పి మళ్ళీ వచ్చింది. అదే కన్ను, అదే వేళ. ఈసారి సాయంత్రాలు కూడా కలుపుకుంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది, నొప్పి దాని వెనకాలే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకోలేదు.

అప్పుడు భయం మొదలైంది. దేనికి భయమో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి.

అమ్మ దివిసీమలో, నాగాయలంక దాటాక మా అన్నయ్య ఇంట్లో ఉంటుంది. మేము కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఆమెకి కుడికన్ను ఎర్రబడి, తలపోటుతో వాంతులయ్యాయి. కళ్ళకలకేలే అని ఇంటి దగ్గరే ఆకు పసర్లు పిండారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆ కంటికి చీకటి పడిపోయింది. నీటికాసులు అన్నారు. కంటి లోపల నీటి ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కేస్తుందట. కాసులనే మాట మా ఇంట్లోకి వచ్చింది అదొక్కసారే. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఎడమకన్ను కూడా మెల్లమెల్లగా మసకేసింది. అదీ నీటికాసులేనన్నారు అందరూ. అమ్మ కూడా అంది. గోడ పట్టుకుని నడవడం నేర్చుకుంది.

నాకూ కుడికన్నే. నాకూ ఎరుపే. నాకూ తలపోటే. ఇంకేం కావాలి?

ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే పనిలో కూర్చోగానే ఎడమకన్ను మూసి, కుడికంటితో అన్నిటికన్నా చిన్న గూడు వెతుక్కునేవాణ్ణి. కనిపిస్తే, హమ్మయ్య, ఇవాళ్టికి ఉంది. కన్ను పోతే నా చేతికి వేరే పని తెలియదు. నలభై దాటినవాణ్ణి కొత్తగా ఎవడు పెట్టుకుంటాడు? భయం ఎంత పెరిగితే అన్ని జోకులు వేశాను. ఆ నెలలో నేను వేసినన్ని జోకులు జన్మలో వెయ్యలేదు. రఫీ నవ్వలేక చచ్చాడు. నొప్పి అంటే మాత్రం నమ్మలేదు.

“నగలే అనుకున్నా, నీ నొప్పి కూడా రోల్డుగోల్డేనా బావా?” అన్నాడు.

“కాదు బావా, ఇదొక్కటే అసలు బంగారం,” అన్నాను. అన్నప్పుడే రెప్ప వాలింది. వాడు పడీపడీ నవ్వాడు. నేను దొడ్లోకి పరిగెత్తాను.

ఎవరు ఏది చెబితే అది చేశాను. పై పన్ను నరం కంటిదాకా వెళ్తుందని ఒకరంటే పన్ను పీకించుకున్నాను. అది పుచ్చిన పన్నేలెండి, ఎప్పుడో పోవలసిందే. కానీ నిందపడి పోయింది. సైనస్ అన్నారు, పసుపు వేసి ఆవిరి పట్టాను. రఫీ వాళ్ళమ్మగారు దువా చదివి నుదుటి మీద ఊదారు. ఆ ఊదినంతసేపూ చల్లగా ఉంది. అంతవరకూ వచ్చిన వైద్యాలన్నిటిలో అదే నయం.

ఇంట్లో మాత్రం నిప్పులే. ఎర్రకన్ను, ఊగుతూ నడక, గోడకి తల ఆనించి మూలుగు. సుగుణకి ఒకటే అనుమానం.

“తాగొచ్చారా?”

“లేదే!”

“పిల్లలు చూస్తున్నారు. ఏదీ, నోరు వాసన చూపించండి.”

నోరు తెరిచాను. వాసన లేదు. దాంతో ఆమెకి ఇంకా కోపమొచ్చింది. తాగినా బాగుండేది, తిట్టడానికి ఒక దారి ఉండేది. చమత్కారం ఏంటంటే, అంతకు ముందు ఆదివారం నిజంగానే స్నేహితుల బలవంతం మీద అరగ్లాసు కల్లు తాగాను. గ్లాసు కింద పెట్టకముందే నొప్పి వచ్చి నించుంది. ఆ రోజు నుంచీ నాకంటే నిష్ఠగా మద్యం మానేసినవాడు బందరులో ఉండడు. ఆ సంగతి సుగుణకి చెబితే, తాగానని ఒప్పుకున్నట్టవుతుంది. చెప్పకపోతే, తాగానని ఆమె అనుకుంటోంది. ఇలా ఉండేది మా సంసారం.

ఆ వారంలోనే ప్రార్థన మా ఇంటి వంతు వచ్చింది.

హాల్లో చాపలు పరిచాం. సంఘం పాస్టరు అయ్యగారు వచ్చారు. మా వీధి చివర ఉండే రూతమ్మ పిన్ని అందరికంటే ముందొచ్చి ఫ్యాను కింద కూర్చుంది. రెండో పాటలో ఉండగా నాకు కన్ను వెనక పొయ్యి రాజుకుంది. లేచి వెళ్ళిపోతే, ఇంటివాడే ప్రార్థనలోంచి లేచిపోయాడంటారు. పళ్ళు బిగించి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇక ఆగలేక మంచం కోడుకి నుదురు ఆనించి మెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టాను. కంట్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోట్లోంచి “ప్రభువా, ప్రభువా” అని వస్తోంది. అది ప్రార్థన కాదు, మూలుగు. కానీ రెండూ ఒకేలా వినిపిస్తాయి.

పాట ఆగింది. అయ్యగారు లేచి నిలబడ్డారు.

“చూడండి. ఎన్నేళ్ళుగా ఎగతాళి తప్ప ఎరగని మన దానియేలు హృదయం ఈ సాయంత్రం కరుగుతోంది. అందరం చేతులెత్తి ప్రార్థన చేద్దాం.”

అందరూ ఒక్కసారి గొంతెత్తారు. ఆ శబ్దం నా కంట్లో దిగబడింది. నేను ఇంకా గట్టిగా మూలిగాను. వాళ్ళు ఇంకా గట్టిగా ప్రార్థించారు. ఎవరో నా తల మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నారు. ఇలా ఎంతసేపు సాగేదో గానీ, మధ్యలో రూతమ్మ పిన్ని గొంతు అందరికీ వినబడింది.

“అయ్యగారూ, ఒక్క కన్నే కరిగిందేంటండీ?”

అందరూ కళ్ళు తెరిచారు. నిజమే, ఎడమకన్ను పొడిగా ఉంది. “రెండోది ఇంకా మారుమనసు పొందలేదు పిన్నీ,” అన్నాను. అంత నొప్పిలోనూ నోరు ఊరుకోలేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. అయ్యగారు ముఖం ముడుచుకుని ఆమెన్ చెప్పేశారు.

నవ్వనిది సుగుణ ఒక్కతే. అందరికీ టీలిచ్చి పంపించి, తలుపు దగ్గరికి వేసి, నా ముందు కూర్చుంది.

“నిజం చెప్పండి. నొప్పేనా?”

“నొప్పే.”

“మరి పిన్నితో ఆ మాట అంటూ కన్నెందుకు కొట్టారు?”

“కొట్టలేదు సుగుణా. అదే వాలింది.”

ఆమె నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది. కంటిపాప రెండోదాని కంటే చిన్నదిగా ఉంది, రెప్ప సగం వాలి ఉంది, కింద వాచింది. వేళాకోళానికి కంటిపాపని చిన్నది చేసుకోవడం ఎవరికీ చేతకాదు కదా. అప్పుడు చెప్పేశాను. అమ్మ సంగతి, పొద్దున్నే ఒంటికంటితో గూళ్ళు వెతుక్కోవడం, అరగ్లాసు కల్లుతో సహా అన్నీ. సుగుణ ఏడ్చింది. ఆమె రెండు కళ్ళతో ఏడ్చింది.

“పిచ్చోడా, రేపు గుడివాడ పోదాం,” అంది. మొగుణ్ణి మీరు తప్ప వేరే మాట అనని మనిషి. ఆ పిచ్చోడా అన్న మాట నాకు మందు కంటే ముందు పనిచేసింది.

గుడివాడ

గుడివాడలో కంటి డాక్టరమ్మ బాగా చూస్తారని రఫీ ఎప్పుడో చెప్పాడు. రైలెక్కి వెళ్ళాం. వసారాలో బెంచీల మీద కంటికి పచ్చగుడ్డ కట్టుకున్నవాళ్ళు, చుక్కల మందు వేయించుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళు. పెడన నుంచి వచ్చిన ఒక కలంకారీ అద్దకం పనివాడు నా పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్ళకి చుక్కలు వేశారు, ఏమీ కనబడటం లేదు. అయినా నా ఊపిరి వినే అనుకుంటాను, భుజం మీద టవలు తీసి, కూజా నీళ్ళల్లో తడిపి తెమ్మని వాళ్ళావిడకి చెప్పాడు. “నుదుటికి కట్టుకోండి బాబూ,” అన్నాడు. ఆ టవలుకి రంగుల వాసన. వెళ్ళేటప్పుడు తిరిగిస్తే తీసుకోలేదు. ఇప్పటికీ ఆయన మొహం నాకు గుర్తుంది, నా మొహం ఆయనకి తెలియదు.

డాక్టరమ్మ నా కళ్ళని గడ్డం ఆనించే మిషను మీద పెట్టించి, చాలాసేపు చూశారు. అమ్మ కన్ను పోయిన సంగతి ముందే చెప్పేసి, సుగుణ నా చొక్కా వెనక కొస పట్టుకునుంది.

“కంటి ఒత్తిడి రెండు కళ్ళకీ బాగానే ఉందండీ. నరమూ బాగుంది. మీకు నీటికాసులు లేవు.”

“రాలేదా? ఇంకా రాలేదా?”

“లేవు. ఈ నొప్పి కన్ను వల్ల వచ్చేది కాదు. కన్ను చుట్టూ నొప్పి వచ్చినంత మాత్రాన కన్నుదే తప్పు అవదు. అయితే ఇంట్లో ఉంది కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి. అమ్మగారికి రెండో కన్ను ఎలా ఉంది?”

“అదీ అంతేనండి. నీటికాసులే.”

“ఎవరు చెప్పారు?”

“అందరూ చెప్పారండి.”

“అందరూ అనే డాక్టరు ఏ ఊళ్ళో కూర్చుంటారండీ?” అన్నారావిడ, నవ్వకుండా. “ఒకసారి తీసుకురండి ఆవిణ్ణి,” అని, నన్ను అదే ఊళ్ళో ఉన్న నరాల డాక్టరు దగ్గరికి పంపారు.

కన్ను కాదనగానే సంతోషించాలి కదా. మెట్లు దిగుతుండగానే కొత్త భయం పట్టుకుంది. కన్ను కాకపోతే దాని వెనకాల ఉన్నది మెదడే కదా. మెదడులో గడ్డేమో. ఆ మాట సుగుణ మొహంలో కూడా కనబడింది. ఇద్దరం సోడా తాగి, నరాల డాక్టరు దగ్గరికి నడిచాం.

నరాల డాక్టరు గారి దగ్గర మావంతు వచ్చేలోపే నొప్పి వచ్చింది. బెంచీల మధ్య అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. కాంపౌండరు “కూర్చోండి, కూర్చోండి” అని నా వెంట తిరిగాడు. ఆ గోలకి డాక్టరు గారే తలుపు తీసుకుని బయటికి వచ్చారు. నన్ను కాసేపు నించుని చూశారు. ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

“ఇది వచ్చినప్పుడు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలనిపిస్తుందా, ఇలా తిరగాలనిపిస్తుందా?”

“తిరగాలనిపిస్తుందండి. గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.”

లోపలికి తీసుకెళ్ళి ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టి ఆక్సిజన్ వదిలారు. నేను మాట్లాడే స్థితిలో లేను. మిగతా ప్రశ్నలకి సుగుణే జవాబులు చెప్పింది. ఎప్పుడూ కుడివైపే వస్తుందనీ, అదే ముక్కు కారుతుందనీ, మధ్యాహ్నం కునుకు తీస్తే తప్పదనీ, కల్లు తాగితే వెంటనే వస్తుందనీ, కిందటేడు కూడా ఈ కాలంలోనే వచ్చి దానంతటదే పోయిందనీ. నన్ను నమ్మని నెలలోనే ఇవన్నీ గమనించి పెట్టుకుంది.

మాస్కు లోంచి పీలుస్తూ ఉండగా నొప్పి మెల్లగా సద్దుమణిగింది. దాని అంతట అది పోకుండా, ఒకరు పొమ్మంటే పోవడం నేను చూడటం అదే మొదలు.

డాక్టరు గారు చెప్పింది నా భాషలో చెబుతాను. దీన్ని క్లస్టర్ తలనొప్పి అంటారు. ద్రాక్షపళ్ళు గుత్తిగా కాసినట్టు, కొన్ని వారాల పాటు రోజూ వరసపెట్టి వస్తుంది. తర్వాత నెలల తరబడి జాడ ఉండదు. అందుకే మధ్యలో తిన్న ప్రతి మందుకీ, పెట్టుకున్న ప్రతి కళ్ళజోడుకీ పేరొస్తుంది. అసలు కారణం పూర్తిగా ఎవరికీ తెలియదట. మనిషికి నిద్రవేళా మెలకువ వేళా చెప్పే గడియారం లాంటి చిన్న భాగం మెదడు లోపల ఉందట, అది ఆ కాలంలో ఎక్కడో తేడా చేసి, కన్ను చుట్టూ ఉండే నరాన్ని రెచ్చగొడుతుందని అనుకుంటున్నారట. మద్యం, సిగరెట్టు, పగటి నిద్ర, ఘాటు వాసనలు ఆ సీజన్లో దాన్ని తట్టి లేపుతాయి. పార్శ్వనొప్పి వేరు, అది వచ్చినవాళ్ళు చీకట్లో కదలకుండా పడుకుంటారు. సైనస్ వేరు, పన్ను వేరు, నీటికాసులు వేరు. అన్నీ కన్ను దగ్గరే వచ్చి నించుంటాయి, కానీ ఇంటిపేర్లు వేరు.

“మరి రాళ్ళు చూడటం వల్ల కాదా అండీ?” అంది సుగుణ.

“కాదమ్మా. ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి. ఎందుకైనా మంచిది, వేరే కారణమేదీ లేదని స్కాన్ తీసి చూద్దాం.”

స్కాన్ కోసం ఎదురుచూసిన రోజుల గురించి రాయను. రఫీ వచ్చి నాతో కూర్చున్నాడు. వాడు జోకు వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. స్కాన్లో ఏమీ లేదని తెలిశాక వాడే మొదలుపెట్టాడు. “తలకాయలో ఏమీ లేదంటగా బావా. ఆ సంగతి నన్నడిగితే స్కానింగు లేకుండా చెప్పేవాణ్ణి.”

మందులు మొదలయ్యాయి. ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారానికి నొప్పి సగమైంది. ఈస్టరు దాటాక గుత్తి మొత్తం రాలిపోయింది. మళ్ళీ వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు. జబ్బు పోదు, కానీ కన్నూ పోదు. ఆ రెండో మాట నాకు చాలు.

వానాకాలం

అమ్మని తీసుకురావడానికి దివిసీమ వెళ్ళాను. రానని మొండికేసింది.

“పోయిన కంటికి బస్సు ఛార్జీలు దండగ. నీకు కాదని చెప్పారంటగా, అది చాలు నాకు.”

“నాకూ అదేనేమోనని భయపడ్డట్టు నీకెవరు చెప్పారే?”

“ఫోన్లో నువ్వు మరీ ఎక్కువ నవ్విస్తుంటే తెలవదా నాకు?”

పులిగడ్డ వంతెన దాటేదాకా సణుగుతూనే ఉంది. గుడివాడ డాక్టరమ్మ అమ్మ కుడికన్ను చూసి తల అడ్డంగా ఊపారు. ఎడమకన్ను చూసి మాత్రం నా వైపు తిరిగారు.

“ఇది నీటికాసులు కాదండీ. శుక్లం. బాగా ముదిరింది. తీసేస్తే చూపు వస్తుంది. లోపల ఒత్తిడి కొంచెం ఉంది, దానికి చుక్కలు వేస్తూ ఉండాలి.”

ఒక కన్ను పోయిన జబ్బుతోనే రెండోది కూడా పోతోందని మేమంతా ఖాయం చేసేసుకున్నాం. ఒకటి తిరిగిరానిది, ఇంకోటి తీసేస్తే పోయేది. రెండిటికీ మేము ఒకే పేరు పెట్టి, ఆమెని గోడకి అప్పజెప్పాం.

ఆపరేషనయ్యాక కట్టు విప్పితే అమ్మ ముందు కిటికీ చూసింది, తర్వాత నర్సుని చూసింది, తర్వాత నన్ను చూసింది.

“నీకు జుట్టేదిరా?” అంది.

ఈ ఏడాది ఫిబ్రవరి

వచ్చింది. వస్తుందని తెలుసు కాబట్టి చుట్టం వచ్చినట్టే వచ్చింది. మధ్యాహ్నం నిద్ర ముందే మానేశాను. కల్లు సంగతి చెప్పక్కర్లేదు. నొప్పి రాకుండా ముందే వాడాల్సిన మాత్రలు డాక్టరు గారు మొదలుపెట్టించారు, అవి గుండె మీద కూడా పనిచేస్తాయట, మధ్య మధ్యలో గుండె పరీక్ష చేయించుకోమన్నారు, చేయించుకుంటున్నాను. ఆయన రాసిచ్చిన ప్రకారం ఇంట్లో ఒక మూల ఆక్సిజన్ సిలిండరు ఉంది. దాని చుట్టుపక్కల అగ్గిపుల్ల గీసినవాణ్ణి సుగుణ బతకనివ్వదు. నొప్పి అప్పటిలాగే నొప్పి. తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ దాని వెనకాల ఉండే చీకటి లేదు. ఎడమకన్ను మూసి గూళ్ళు వెతుక్కోవడం మానేశాను. రెండు కళ్ళతో చూసుకుని రాయి పెట్టేస్తున్నాను.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఒక్క కన్ను చుట్టూనే ఇలా వస్తుంటే, ముందు కంటి డాక్టరుకి చూపించండి, ఆ తర్వాత నరాల డాక్టరుకి. చూపు మసకబారినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడినా, ఎన్నడూ ఎరగని నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా ఆ రోజే వెళ్ళండి. పన్ను మాత్రం తొందరపడి పీకించుకోకండి. నేను పీకించుకున్నాను, ఇప్పుడు జీళ్ళు నమలడానికి ఎడమవైపే దిక్కు.

మొన్న సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. అమ్మ కంటిపరీక్ష కోసం వచ్చి మా ఇంట్లోనే ఉంది. నా నొప్పి గురించి వినడమే గానీ ఆమె ఎప్పుడూ చూడలేదు. టీ తాగుతుండగా వచ్చింది. కప్పు కింద పెట్టి, సిలిండరు దగ్గర కూర్చుని మాస్కు పెట్టుకున్నాను. సుగుణ తిప్పాల్సింది తిప్పింది. పిల్లలు టీవీ సౌండు తగ్గించారు. ఎవరూ కంగారు పడలేదు. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, చుక్కల మందు వేసుకున్న ఆ ఒక్క కంటితో నన్నే చూస్తూ కూర్చుంది. కన్నీళ్ళు కారుతున్నాయి నాకు, తుడుచుకునే ఓపిక లేదు. కొంగుతో ఆమే తుడిచింది. మళ్ళీ చూసింది. చాలాసేపు అలాగే చూసి, నొప్పి దిగుతున్నట్టు నా భుజాలు వదులవడం గమనించిందో ఏమో, కోడలి వైపు తిరిగింది.

“ఒసే సుగుణా,” అంది, “వీడు ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేను కన్న దగ్గర్నుంచీ చూళ్ళేదే.”

మాస్కు లోపల నవ్వితే ఊపిరి పైకి తన్ని కళ్ళజోడు అద్దాలకి ఆవిరి కమ్ముతుంది. ఆ పొగమంచు లోంచి ఇద్దరూ నాకు బాగానే కనిపించారు.